బ్రాడీపేట బడిలో బావి

గుంటూరు నుంచి తిరిగొచ్చి నెల దాటింది. ఇప్పటికీ మా రాజమండ్రిలో పొద్దున్న నడకకు వెళ్తే ఎవరో ఒకరు అడుగుతారు: "రెండు వారాలున్నావటగా, ఏమేం చూశావు?" ఒక సందు, ఒక బడి, ఒక గొయ్యి చూశానంటే నవ్వి ఊరుకుంటారు. కోటప్పకొండకు వెళ్ళలేదు, అమరావతికి వెళ్ళలేదు. అయినా నా అరవై రెండేళ్ళలో ఇంత సంతోషంగా ఏ ఊరి నుంచీ తిరిగి రాలేదు. ఎందుకో చెబుతాను.

నేను ఒక పాలిటెక్నిక్‌లో ముప్ఫై ఏళ్ళు సర్వే పాఠాలు చెప్పి రిటైరయ్యాను. హాస్టల్లో నాతో గది పంచుకున్న సువార్త గుంటూరు బ్రాడీపేటలో ఒక పాత మిషన్ స్కూలుకు హెడ్‌మిస్ట్రెస్. మే నెల చివర్లో ఫోన్ చేసింది. "ఏమే కామేశ్వరీ, నీ లెవెల్ యంత్రం ఇంకా పనిచేస్తుందా? పనిచేస్తే దాన్ని తీసుకుని వచ్చెయ్. మా బడి మునిగిపోయేలా ఉంది."

మెట్లు దిగి ఇంట్లోకి

గుంటూరు స్టేషన్లో దిగగానే తుమ్ములు మొదలయ్యాయి. కోల్డ్ స్టోరేజీలకు వెళ్ళే మిర్చి లారీ ఒకటి దాటిపోయింది, అంతే. ఆటో డ్రైవరు అద్దంలో చూసి, "కొత్తా అమ్మా? రెండ్రోజులకు అలవాటైపోద్ది" అన్నాడు. రెండ్రోజులకు కాలేదు. వెనక్కి వచ్చేదాకా తుమ్ముతూనే ఉన్నాను.

కోచింగ్ సెంటర్ల బోర్డులు, ఆసుపత్రుల బోర్డులు, మందుల షాపులు దాటి సువార్త వాళ్ళ సందు. మా ఊళ్ళో ఎవరింటికైనా మెట్లు ఎక్కి వెళ్తాం. ఇక్కడ దిగి వెళ్ళాలి. కొత్త రోడ్డు వేసినప్పుడల్లా పాతదాన్ని తవ్వకుండా దానిమీదే వేసుకుంటూ వచ్చారు. రోడ్డు పెరుగుతూ పోయింది, ఇళ్ళు గోతిలోకి దిగుతూ పోయాయి. పాత పెంకుటిళ్ళ చోట అపార్టుమెంట్లు లేచాయి. పెరళ్ళన్నీ సిమెంటు గచ్చులయ్యాయి. పైన పడ్డ నీటిచుక్కకు భూమి దొరికే చోటే లేదు. గట్టివాన పడితే నాలుగు సందుల నీళ్ళూ ఇక్కడికే వస్తాయి.

బడి ఎదురుగా, ఆ సందులో మెట్లు ఎక్కి వెళ్ళే ఒకే ఒక్కటి, పళ్ళ డాక్టరు శ్రీధర్ గారి క్లినిక్. అంత ఎత్తున్నా నిరుడు పేషంట్లను పడుకోబెట్టే కుర్చీ మోటారులోకి నీళ్ళు పోయాయట. కొత్త మోటారు తెప్పించేదాకా పంటినొప్పితో వచ్చినవాళ్ళను మామూలు కుర్చీలో కూర్చోబెట్టి టార్చిలైటుతో చూశారు. రోడ్డును ఇంకో అడుగు ఎత్తు పెంచాలని అర్జీ పెట్టింది ఆయనే. పెంచితే క్లినిక్ ముందు నీళ్ళు ఆగవు. కానీ అవన్నీ గేటు దాటి బడి తరగతుల్లోకి పోతాయి. అదీ సువార్త బాధ.

కార్పొరేషన్లో ఆ పని చూసే ఇంజనీరమ్మాయి మర్యాదస్తురాలే. సువార్తతో ఆమె చెప్పిన మాట ఇది: "రోడ్డు పెంచడం నాకూ ఇష్టం లేదు మేడం. కానీ వేరే దారి చూపించండి. మొదటి పెద్దవాన దాకా ఆగుతా. సందులో నీళ్ళు నిలిచాయంటే మాత్రం పని మొదలుపెట్టేస్తా."

అప్పటికి సువార్త ఊరికే కూర్చోలేదు. నిరుడు వీధివాళ్ళను కూడగట్టి బడి ఆవరణలో మూడు ఇంకుడు గుంతలు తవ్వించింది. అవి చూపించింది. కంకర మీద పచ్చటి పాచి ఎండి అట్టకట్టి ఉంది.

"వాన పడితే నిండాయి. మళ్ళీ ఖాళీ కాలేదే. దోమలు పెరిగాయి. వీధిలో నన్ను చూస్తే ఇంకుడు గుంతల టీచరమ్మ అని నవ్వుతారు" అంది. నవ్వుతూనే చెప్పింది గానీ ముఖం చిన్నబోయింది.

ఆ రాత్రి గోంగూరతో అన్నం పెట్టింది. రెండో ముద్దకే నా కళ్ళలో నీళ్ళు. "మీ గోదావరివాళ్ళు పులుసులో బెల్లం వేసుకుని బతుకుతారు, ఏం చేస్తాం" అని నెయ్యి గిన్నె నా వైపు జరిపింది.

మర్నాడు ఎండెక్కకముందే యంత్రం నిలబెట్టాను. క్లినిక్ గడప మూలను గుర్తుగా పెట్టుకుని నాలుగు సందుల ఎత్తుపల్లాలు కొలిచాను. అన్నిటికంటే పల్లం బడి ఆటస్థలం. అంటే నీళ్ళు సహజంగా వెళ్ళాలనుకునే చోటు అదే. వాటిని ఆపడం కంటే పిలిచి చోటివ్వడం నయం. కానీ పిలిచాక ఎటు పంపాలి? అక్కడున్నది నల్లరేగడి. తడిస్తే ఉబ్బి మూసుకుపోతుంది. పత్తికీ మిరపకూ అది బంగారం. వాననీరు దిగడానికి మాత్రం గోడ.

"నేల సంగతి తెలిసినవాడు కావాలి" అన్నాను.

సువార్తకు, వాళ్ళ నాన్నగారు పాస్టరుగా కనిగిరిలో పనిచేసినప్పుడు వాళ్ళ పెరట్లో బావి తవ్విన ఖాసిం గారు గుర్తొచ్చారు. "ఆయన ఊళ్ళో ఉన్నాడో లేడో. ఫోన్ ఉన్నా ఎత్తడట. నాకా, అడ్మిషన్ల రోజులు. నువ్వెళ్తావా?"

సింగరాయకొండలో ఇడ్లీ బండి

పొద్దున రైలెక్కి సింగరాయకొండలో దిగాను. దారి పొడవునా దున్ని వదిలేసిన నల్లటి చేలు, గట్ల మీద నిరుటి పత్తికట్టెల మోపులు. మా వైపు ఈ రోజుల్లో కాలువలు కట్టేసినా ఎక్కడో ఒక పచ్చటి మూల కనిపిస్తుంది. ఇక్కడ నేల మొత్తం ఆకాశం వైపు చూస్తోంది.

కనిగిరి బస్సుకు టైముందని రోడ్డు పక్క ఇడ్లీ బండి దగ్గర ఆగాను. బండి కోటేశ్వరమ్మ గారిది. ప్లేటు ముప్ఫై రూపాయలు, నాలుగిడ్లీ, కారప్పొడి అడగకుండానే. నేను కారప్పొడి పక్కకు నెట్టడం చూసి, "ఒంట్లో బాలేదా?" అని అడిగారు. వాళ్ళకు అంతకంటే వేరే కారణం తోచదు.

తిన్న ప్లేట్లు కడిగిన నీళ్ళు ఆవిడ బేసినుతో బండి వెనక పారబోశారు. చూస్తూండగానే మాయమైపోయాయి. తడి మరక తప్ప ఏమీ మిగల్లేదు. నేను ప్లేటు పట్టుకుని అక్కడికే వెళ్ళి వంగి చూశాను. ఇసుక. సముద్రం దగ్గర కదా.

"ఏం పోయిందమ్మా?" అన్నారావిడ కంగారుగా.

"ఏం పోలేదండి. నీళ్ళు ఎటు పోయాయా అని."

"కిందికే. ఇంకెటు పోతాయి?" అని నన్నొకసారి ఎగాదిగా చూసి, ఇంకో ఇడ్లీ వేశారు. దానికి డబ్బులు తీసుకోలేదు. కిందికే పోవాలి, కానీ గుంటూరులో కింద తలుపు మూసి ఉంది. ఆ తలుపు తీసేవాడి కోసమే కనిగిరి బస్సెక్కాను.

కనిగిరిలో ఒక ప్రశ్న

కందుకూరు దాటాక నేల రంగు మారింది. ఎర్రమట్టి, రాళ్ళు, ముళ్ళ చిల్లచెట్లు. కనిగిరిలో దిగేసరికి దుర్గం కొండ ఎండలో పెనంలా ఉంది. ప్రతి గుమ్మంలోనూ నీళ్ళ క్యాన్లు. ఇక్కడి బోరునీళ్ళలో ఫ్లోరైడు. తాగితే పళ్ళు గారపడతాయి, కీళ్ళు పట్టేస్తాయి. అందుకని తాగే ప్రతి చుక్కా క్యానులో రావాలి. గోదావరి ఒడ్డున పుట్టి కుళాయి కట్టేయకుండా కూరగాయలు కడిగిన నా చేతులను చూసి సిగ్గేసింది.

ఖాసిం గారి ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. డెబ్బై దాటిన మనిషి. సన్నగా, నిటారుగా, వసారాలో మంచమ్మీద కూర్చుని ఉన్నారు. సువార్త పేరు చెప్పగానే లేచారు. "పాస్టరుగారి అమ్మాయా! బావి తవ్వుతుంటే పైనుంచి గులకరాళ్ళు వేసేది. ఒకటి ఇక్కడ తగిలింది" అని నుదురు చూపించారు. ఆయన భార్య ఫాతిమా గారు జొన్నరొట్టె, పప్పు పెట్టి, నాకోసం క్యాను నీళ్ళు చెంబులో పోసి తెచ్చారు.

తిన్నాక నేను కొలిచి గీసిన బ్రాడీపేట సందుల పటం మంచం మీద పరిచి అంతా చెప్పాను. ఆయన విని తల అడ్డంగా ఊపారు.

"నల్లరేగడిలో ఇంకుడు గుంతా? అది గుంత కాదమ్మా, కుండ. నిండుతుంది, అంతే. నేనొచ్చి చేసేదేం లేదు. బోర్లొచ్చాక నన్నెవరూ పిలవలా. బావిలో దిగే మోకు కూడా అటక మీద పెట్టేశా."

నేను పటం మడుస్తున్నాను. ఇంత దూరం వచ్చింది ఈ మాటకా అనుకున్నాను. అప్పుడాయన అడిగారు:

"ఆ బడి ఎప్పటిది?"

"వందేళ్ళు దాటిందంటారండి."

"అప్పుడు కుళాయిల్లేవుగా. పిల్లకాయలు ఏం తాగారు?"

నా చేతిలో పటం అలాగే ఆగిపోయింది. ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను. ఆ బడి ఆవరణలో ప్రతి అడుగూ కొలిచాను. ఈ ప్రశ్న నాకు తట్టలేదు.

"బావి ఉండాలి" అన్నారు ఖాసిం గారు. "అప్పటోళ్ళు నల్లరేగడి దాటి, కింద నీళ్ళు దిగే గరుకునేల, మొరం తగిలిందాకా తవ్వుంటారు. దాన్ని పూడ్చుంటే పూడిక తీస్తే చాలు. మనం కొత్తగా తవ్వేదేముంది?" అని లోపలికి తిరిగి, "ఫాతిమా! అటక మీద మోకు దించు" అని కేకేశారు.

"ఈ వయసులోనా?" అందావిడ లోపలినుంచి.

"పాస్టరుగారి అమ్మాయి బడి."

కాసేపటికి మోకు దుమ్ము దులుపుతున్న చప్పుడు వినపడింది.

పగుళ్ళు లేని చోటు

గుంటూరు వచ్చాక ఖాసిం గారు బడి అంతా చెప్పుల్లేకుండా తిరిగారు. సువార్తకు బావి సంగతి తెలియదు. పాత రిజిస్టర్లలో లేదు. ముందు పనిచేసినవాళ్ళకు ఫోన్లు చేస్తే వాళ్ళకూ తెలియదు.

ఎండాకాలం నల్లరేగడి నేల అరచేయి పట్టేంత పగుళ్ళు తీస్తుంది. ఆటస్థలమంతా పగుళ్ళే. ఖాసిం గారు తల వంచుకుని వాటి వెంటే నడుస్తూ, ప్రార్థన వేదిక వెనక ఒకచోట ఆగారు. "ఇటు రండమ్మా. ఈడ చూడండి."

ఒక బండిచక్రం కంటే కాస్త పెద్దదిగా, గుండ్రంగా, ఒక్క పగులు కూడా లేని చోటు. పగుళ్ళన్నీ దాని అంచుదాకా వచ్చి ఆగిపోయాయి.

"లోపలున్నది రేగడి కాదు. రాళ్ళూ రప్పా పోసి పూడ్చారు" అన్నారు.

గునపం వేశారు. మోచెయ్యి లోతులో ఠంగుమంది. పారతో గీకితే ఇటుక కనిపించింది, దాని పక్కన ఇంకోటి, వంపు తిరుగుతూ. సువార్త చీర కుచ్చిళ్ళు దోపుకుని మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఇటుకల మీద మట్టి చేత్తో తుడిచింది. "దేవా, స్తోత్రం" అంది. తర్వాత నా భుజం పట్టుకుని గట్టిగా ఏడ్చేసింది. ఇంకుడు గుంతల టీచరమ్మ అని పిలిపించుకున్న ఏడాదంతా ఆ ఏడుపులో పోయింది.

పూడిక తీయడానికి ఆరు రోజులు పట్టింది. రోజూ పొద్దున ముందు ఒక దీపం లోపలికి దించేవారు ఖాసిం గారు. అది ఆరకుండా వెలిగితే లోపల గాలి మంచిదే, అప్పుడే మనిషి దిగాలి. కూలీలు ముగ్గురు, గిలక, తట్టలు. విరిగిన పలకలు, బెంచీ ఇనపకాళ్ళు, పాత గోడల ఇటుకలు పైకొచ్చాయి. మూడు బారలు, అంటే పద్దెనిమిది అడుగులు దాటాక తట్టలో నల్లమట్టి అంటిన రాళ్ళ బదులు ఎర్రటి ముతక ఇసుక, మొరం వచ్చింది. ఆయన దాన్ని పిడికిట్లో నలిపి మా ముందు జారవిడిచారు. డ్రమ్ముతో నీళ్ళు తెప్పించి పోయించారు. టీ తాగి వచ్చేలోపు అడుగు పొడిబారింది. 'కిందికే, ఇంకెటు పోతాయి' అన్న కోటేశ్వరమ్మ గారి మాటే నాకు చెవుల్లో వినిపించింది.

ఇక మిగిలిన పని నాది. సందు నుంచి ఒక కాలువ, ఆటస్థలంలో ఒక మూల పళ్ళెంలా మోకాలి లోతు పల్లం, అక్కడ మట్టీ చెత్తా ఆగడానికి జాలీ వేసిన కంకర తొట్టి, దాన్నుంచి బావిలోకి గొట్టం, బావి మీద ఇనప చట్రం. ఖాసిం గారి షరతు ఒక్కటే: మురుగు కాలువ నీళ్ళు చుక్క కూడా ఇటు రాకూడదు. దానికోసం సువార్త ఇంటింటికీ తిరిగి, వాననీటి దారిలోకి వదిలిన మురుగు గొట్టాలు రెండు మూయించింది.

రెండంగుళాలు

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. కాలువ తవ్వడం అయ్యాక ఖాసిం గారు సందులో ఒక బకెట్ నీళ్ళు పోశారు. నీళ్ళు కాలువ నోటిదాకా వెళ్ళాయి, ఆగాయి, వెనక్కి తిరిగి క్లినిక్ వైపు పారాయి.

వీధివాళ్ళంతా చూస్తున్నారు. శ్రీధర్ గారు చేతులు కట్టుకుని, "నేను ముందే చెప్పానండి మేడం గారూ. రోడ్డు పెంచడమొక్కటే మార్గం" అన్నారు.

లెక్కలు మళ్ళీ చూశాను. తప్పు లేదు. ఇంకోసారి చూశాను. లేదు. నీడలో కూర్చుని దిక్కుతోచక క్లినిక్ గడప వైపు చూస్తుంటే, దాని రంగు తేడాగా అనిపించింది.

"డాక్టరు గారూ, ఈ గ్రానైటు రాయి ఎప్పుడు వేయించారు?"

"మొన్న మీరు కనిగిరి వెళ్ళినప్పుడు. వానలొస్తున్నాయి కదా అని కాస్త ఎత్తు..."

సరిగ్గా రెండంగుళాలు. నేను గుర్తుగా పెట్టుకున్న గడప ఎత్తు పెరిగింది. తిరిగొచ్చాక దాన్ని సరిచూడకుండా అక్కడినుంచే కొలిచి కాలువను రెండంగుళాలు ఎత్తున పెట్టించాను. పని మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు గుర్తును సరిచూసుకోండి అని ప్రతి ఏడాదీ మొదటి పాఠంలో చెప్పిన మనిషిని నేను.

"తప్పు నాదండి. ఆ రాయి ఉన్నదని చూడాల్సింది నేను" అని అందరి ముందూ చెప్పాను.

శ్రీధర్ గారు చొక్కా చేతులు మడిచారు. "ఆ కొలబద్ద ఎవరు పట్టుకోవాలండి? నేను పట్టుకుంటా." ఆ మధ్యాహ్నం పేషంట్లను కూర్చోబెట్టి, ఎండలో కొలబద్ద పట్టుకుని నిలబడ్డారాయన. సాయంత్రానికి కాలువ సరిచేశాం. బకెట్ నీళ్ళు నేరుగా బడిలోకి నడిచి వెళ్ళాయి. ఆయన మమ్మల్నందర్నీ మిరపకాయ బజ్జీలకు తీసుకెళ్ళారు. నేను గింజలు తీయించుకుని తిన్నాను. బజ్జీల బండి అతను నా వైపు జాలిగా చూశాడు.

వాన

రెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం మూడింటికి పడమర నల్లబడింది. గాలి దుమారం, దాని వెనకే వాన. చినుకులు కాదు, ధారలు. పది నిమిషాల్లో సందు ఏరైంది. ఇంజనీరమ్మాయి రెయిన్‌కోటు వేసుకుని స్కూటీ మీద వచ్చి, గేటు పక్కన నిలబడింది.

నాలుగు సందుల నీళ్ళూ బురదగా, నురగలు కక్కుతూ వచ్చాయి. కాలువ నోటి దగ్గర మలుపు తిరిగి బడిలోకి దూకాయి. పల్లంలో పళ్ళెం నిండినట్టు నిండాయి. బావిలోంచి దబదబమని చప్పుడు. సువార్త నా చెయ్యి నొప్పెట్టేలా పట్టుకుంది.

అంతలో ఆ చప్పుడు సన్నబడింది. ఆగిపోయింది.

పల్లం పొంగి నీళ్ళు వెనక్కి, సందులోకి రావడం మొదలుపెట్టాయి. క్లినిక్ మొదటి మెట్టు మునిగింది. రెండో మెట్టు దగ్గరికి వచ్చాయి.

"తొట్టి నోరు మూసుకుపోయిందమ్మా! కవర్లు!" అని ఖాసిం గారు అరిచారు.

సువార్త మోకాలి లోతు నీళ్ళలోకి దిగిపోయింది. ఆమె వెనక నేను. నా వెనక, ఎవరా అని చూస్తే, శ్రీధర్ గారు, తెల్లకోటుతోనే. ముగ్గురం వంగి తొట్టి జాలీకి అతుక్కున్న పాలిథిన్ కవర్లు, కొబ్బరి పీచు, చినిగిన ఫ్లెక్సీ ముక్కలు చేతులతో లాగి గట్టు మీదికి విసిరేశాం. చివరగా ఒక పెద్ద ఫ్లెక్సీ. దాన్ని లాగలేక పోతుంటే ఇంజనీరమ్మాయి కూడా దిగి పట్టుకుంది. నలుగురం ఒక్కసారి గుంజాం. అది ఊడి వచ్చేసరికి వెల్లకిలా పడబోయాం.

బావి మళ్ళీ గర్జించింది.

తర్వాత జరిగింది చెప్పడానికి ఎక్కువ లేదు. వాన ఇంకా అరగంట కురిసింది. మేం తడుస్తూ క్లినిక్ మెట్ల వైపే చూస్తూ నిలబడ్డాం. రెండో మెట్టు మునగలేదు. మొదటి మెట్టు బయటపడింది. వాన వెలిశాక సందులో నడుస్తుంటే నీళ్ళు చెప్పుల దాకా వచ్చాయి గానీ చీర అంచును అందలేదు. ప్రతి మేడ మీదా జనం. ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాత వీధి వీధంతా కొట్టింది. సువార్త ఒళ్ళంతా బురదతో నిలబడి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

ఇంజనీరమ్మాయి జుట్టు పిండుకుంటూ మా దగ్గరికి వచ్చింది. "రోడ్డు పెంచనండి. ఉన్నదాన్ని తవ్వి దించుతానని రాస్తా. ఆ జాలీకి ముందు మాత్రం ఇంకోటి పెట్టండి, పెద్ద కన్నాలతో" అంది.

తెల్లారాక

మర్నాడు పొద్దున సువార్త కాఫీ పెడుతుంటే గేటు దగ్గర ఎవరో నిలబడ్డారు. పక్క సందు పెద్దాయన. మొహమాటపడుతూ, "మా ఇంటి వెనక కూడా ఒక బావి ఉండేదండి. బాత్రూం కట్టేటప్పుడు బండ పరిచేశాం" అన్నారు. ఆయన వెళ్ళకముందే ఒకావిడ. వాళ్ళ కార్ల షెడ్డు కింద ఉందట. మధ్యాహ్నానికి శ్రీధర్ గారే తల గోక్కుంటూ వచ్చారు: "మా అత్తగారింట్లో కూడా ఒకటి ఉందండి. తులసికోట పక్కన." ఇన్నేళ్ళూ ఊరంతా బావుల మీద సిమెంటు పోసుకుని వాననీటిలో నడుస్తోందన్నమాట.

ఖాసిం గారు కనిగిరికి ఫోన్ చేశారు. "ఫాతిమా, ఇంకో నాలుగు జతల బట్టలు పంపించు. లేదు లేదు, ఒంట్లో బాగానే ఉంది. పనుంది." ఆ 'పనుంది' అనేటప్పుడు ఆయన గొంతు విని నేను ముఖం పక్కకు తిప్పుకున్నాను.

నేను బయల్దేరే రోజు ఆయన శ్రీధర్ గారి అత్తగారింట్లో ఉన్నారు. ఆటోను అటు పోనిమ్మన్నాను. తులసికోట పక్కన బండ తీసేసి ఉంది. మోకు లోపలికి వేలాడుతోంది. వంగి చూస్తే చీకట్లో తెల్లటి తలపాగా కదులుతోంది.

"ఖాసిం గారూ! వెళ్ళొస్తానండీ!" అని అరిచాను.

"ఆఁ, మంచిదమ్మా! జాగ్రత్తగా వెళ్ళండి!" అని లోపలినుంచి గొంతు మోగుతూ వచ్చింది. "కాస్త పక్కకి జరగండి, వెలుతురు ఆగిపోతోంది!"